ఏటీవీ పొట్ట మీదుగా దొర్లింది, లేచి నడిచాడు, మర్నాడు ఎడమ భుజం నొప్పి: స్కాన్ తీయించాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. నిన్న ఆదివారం మధ్యాహ్నం వికారాబాద్ దగ్గర ఒక రిసార్టులో మీ తమ్ముడు (24 ఏళ్లు) ఏటీవీ (మట్టి దారుల్లో నడిపే నాలుగు చక్రాల బండి) నడుపుతూ మట్టి గట్టు ఎక్కబోతే బండి పక్కకి తిరగబడి అతని పొట్ట మీదుగా దొర్లింది. హెల్మెట్ ఉంది, స్పృహ తప్పలేదు, తనంతట తనే లేచి నడిచాడు, రాత్రి భోజనం కూడా చేశాడు. ఇవాళ పొద్దున్నుంచి ఎడమ భుజం లాగేస్తోందంటున్నాడు, పొట్ట ఎడమవైపు బరువుగా ఉంది, మోకాలి కింద మట్టి పట్టిన గాయం ఒకటుంది. అమ్మగారు పుత్తూరు కట్టు వేయిద్దామంటున్నారు. మీరేమో స్కాన్ తీయించాలా, రెండు రోజులు ఆగి చూడాలా అని అడిగారు.

ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లండి. సాయంత్రం దాకా కూడా ఆగొద్దు. మిగతాది దారిలో చదువుకోండి. భుజానికి ఎక్స్‌రే తీసే ఎముకల క్లినిక్‌కి కాదు, 24 గంటలూ సీటీ స్కాన్, బ్లడ్ బ్యాంకు, సర్జన్, ఆపరేషన్ థియేటర్ ఉండే ఆసుపత్రి ఎమర్జెన్సీకే వెళ్లాలి. బయల్దేరే ముందు ఫోన్ చేసి సీటీ పనిచేస్తోందా, డ్యూటీలో సర్జన్ ఉన్నారా అని రెండు ప్రశ్నలు అడగండి. బైక్ మీద కూర్చోబెట్టి తీసుకెళ్లొద్దు, కారులో వెనక సీట్లో పడుకోబెట్టండి. కళ్లు తిరుగుతున్నాయన్నా, చెమటలు పడుతున్నా, మొహం పాలిపోయినట్టున్నా కారు సంగతి వదిలేసి 108కి ఫోన్ చేయండి.

దారిలో ఏమీ పెట్టొద్దు, టీ, కొబ్బరి నీళ్లు లాంటివి కూడా వద్దు. ఆపరేషన్ అవసరమైతే మత్తు ఇవ్వాలి, కడుపు ఖాళీగా ఉండాలి. బ్రూఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు ఇంకోటి వేయొద్దు, అవి రక్తం గడ్డకట్టడాన్ని కాస్త దెబ్బతీస్తాయి. రాత్రి ఏదో మాత్ర వేసుకున్నాడన్నారు కదా, ఆ స్ట్రిప్ వెంట తీసుకెళ్లి డాక్టరుకి చూపించండి.

నేను జనరల్ సర్జన్‌ని. హైదరాబాద్ చుట్టుపక్కల క్యాజువాలిటీల్లోనే ఎక్కువ కాలం పనిచేశాను. ఒకప్పుడు బండి పొట్ట మీద పడిందంటే అది ట్రాక్టరే అయ్యుండేది. అనంతగిరి వైపు రిసార్టుల్లో, ఫామ్‌హౌస్‌ల్లో, బీచ్‌ల దగ్గర ఈ నాలుగు చక్రాల బండ్లు వచ్చాక శని, ఆదివారాల్లో కుర్రాళ్లు, పిల్లలు కూడా ఇవే దెబ్బలతో వస్తున్నారు. చెయ్యో కాలో విరిగినవాళ్ల గురించి నాకంత భయం ఉండదు, నొప్పి ఓర్చుకోలేక వాళ్లే పరిగెత్తుకొస్తారు. లేచి, బట్టలు దులుపుకుని, "ఏం కాలేదురా" అని నవ్వేసి ఇంటికెళ్లిపోయినవాళ్ల గురించే భయం.

మీ ప్రశ్నలో నాకు టెన్షన్ పెట్టింది ఆ ఎడమ భుజమే. ఎడమవైపు కింది పక్కటెముకల చాటున, సుమారు 9 నుంచి 11వ ఎముక దాకా, ప్లీహం ఉంటుంది, ఆసుపత్రిలో అందరూ స్ప్లీన్ అనే అంటారు. పిడికిలంత అవయవం, నిండా రక్తం, పైన పలచటి పొర. అది చిట్లితే కారిన రక్తం పైకి చేరి, ఛాతీకీ పొట్టకీ మధ్య అడ్డంగా ఉండే డయాఫ్రమ్ అడుగు భాగాన్ని తాకి మండిస్తుంది. డయాఫ్రమ్‌కి వెళ్లే నరం మెడ దగ్గర 3, 4, 5 నరాల మూలాల నుంచి పుడుతుంది, భుజం పైభాగం చర్మానికి వెళ్లే నరాలు కూడా అక్కడివే. దాంతో మెదడు పొరబడి, పొట్టలో జరుగుతున్నదాన్ని భుజం నొప్పిగా చూపిస్తుంది. దీన్ని కెర్ సంకేతం అంటారు, సర్జరీ చదివే ప్రతి విద్యార్థికీ నేర్పే విషయమే. భుజానికే దెబ్బ తగిలితే చెయ్యి ఎత్తినా, భుజం నొక్కినా ప్రాణం పోయేంత నొప్పి వస్తుంది. పొట్టలోంచి వచ్చిన నొప్పయితే చెయ్యి మామూలుగానే తిరుగుతుంది, వెల్లకిలా పడుకున్నప్పుడో గట్టిగా ఊపిరి పీల్చినప్పుడో ఎక్కువవుతుంది. అయితే ఈ తేడా ఇంట్లో చూసుకుని, చెయ్యి ఎత్తితే నొప్పి వస్తోంది కాబట్టి పొట్ట బాగానే ఉందని తేల్చుకోకండి. రెండింటికీ దెబ్బ తగిలి ఉండొచ్చు.

మరి లోపల రక్తం కారుతుంటే ఎలా నడిచాడు, ఎలా తిన్నాడు అని మీకు అనిపిస్తుంది. ఇక్కడే కుర్రాళ్ల ఒళ్లు మనల్ని మోసం చేస్తుంది. అతని ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. అందులో 15 శాతం, అంటే ముప్పావు లీటరు పోయినా పైకి దాదాపు ఏమీ తెలియదు. 15 నుంచి 30 శాతం పోతే నాడి నిమిషానికి 100 దాటుతుంది, కాస్త కంగారుగా ఉంటాడు, అరచేతులు చల్లబడతాయి, బీపీ మాత్రం ఇంకా మామూలుగానే చూపిస్తుంది. గుండె వేగం పెంచుకుని, చర్మానికి వెళ్లే రక్తనాళాలను బిగించుకుని ఒళ్లు ఆ బీపీని పట్టుకుని ఉంటుంది. అది చేతులెత్తేసి బీపీ పడిపోయేసరికి లీటరున్నర దాకా పోయి ఉంటుంది, అప్పటినుంచి ఉన్న సమయం చాలా తక్కువ. కాబట్టి పక్క వీధి క్లినిక్‌లో "బీపీ 120 బై 80 ఉంది, భయం లేదు" అన్నారని ఊరుకోవద్దు. బీపీ కంటే ముందు నాడి చూడండి. కదలకుండా పడుకుని ఉన్నా 100 పైన కొట్టుకుంటోందంటే అది మంచి సంగతి కాదు.

హిమోగ్లోబిన్ కూడా మొదట్లో అలాగే తప్పుదారి పట్టిస్తుంది. రక్తం కారేటప్పుడు ఎర్ర కణాలు, ప్లాస్మా కలిసే పోతాయి కాబట్టి మిగిలిన రక్తంలో పాళ్లు మారవు. తొలి గంటల్లో తీసిన శాంపిల్లో 14 వచ్చిందంటే దానికి పెద్ద అర్థం లేదు. ఆరు గంటల తర్వాత మళ్లీ తీసి, రెండింటినీ పోల్చితేనే ఏదైనా తెలిసేది.

ఇంకో సంగతి. స్ప్లీన్ లోపల చిట్లి, పై పొర మాత్రం చిరగకుండా రక్తాన్ని పట్టి ఉంచొచ్చు. ఆ పొర రెండో రోజో, వారానికో పగలొచ్చు. దెబ్బ తగిలిన 48 గంటలు దాటాక ఇలా పగలడాన్ని మేం ప్రత్యేకంగా లెక్కేస్తాం, ఎక్కువగా రెండు వారాల లోపు జరుగుతుంది. అందుకే "నిన్నటి నుంచీ బాగానే ఉన్నాడు కదా" అన్న ధైర్యం నాకు చాలదు.

ఒక కేసు చెబుతాను. స్నేహితులతో కలిసి శనివారం రిసార్టుకి వెళ్లిన ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, పెళ్లయి కొన్నాళ్లే అయింది, బండి పక్కకి ఒరిగినప్పుడు హ్యాండిల్ ఎడమ డొక్కలో గుచ్చుకుంది. లేచాడు, మళ్లీ ఇంకో రౌండ్ వేశాడు. ఆదివారం, సోమవారం పొట్ట ఉబ్బరంగా ఉంటే గ్యాస్ పట్టేసిందనుకుని సోడా తాగి, ఎసిడిటీ మాత్రలు వేసుకున్నాడు. భుజం నొప్పిని జిమ్ మీదకి తోశాడు. మంగళవారం ఆఫీసు లిఫ్టు దగ్గర కుప్పకూలిపోయాడు. మా దగ్గరికి తెచ్చేసరికి నాడి 140, బీపీ 70. పొట్ట తెరిస్తే రెండు లీటర్ల పైన రక్తం. స్ప్లీన్ తీసేసి రక్తం ఎక్కించాం, బతికాడు, ఇంటికెళ్లాడు. అదే మనిషి శనివారం రాత్రే వచ్చి ఉంటే చాలావరకు కత్తి పెట్టకుండానే బయటపడేవాడని నేను నమ్ముతాను.

క్యాజువాలిటీలో ఏం చెప్పాలంటే. "భుజం నొప్పి" అని మొదలుపెట్టొద్దు, అలా చెబితే ఆర్థో ఓపీకి పంపేస్తారు, అక్కడ లైన్లో కూర్చుంటారు. ఈ ముక్క ఇలాగే చెప్పండి: "నిన్న మధ్యాహ్నం ఏటీవీ పొట్ట మీదుగా దొర్లింది. ఇవాళ పొట్ట ఎడమవైపు, ఎడమ భుజం నొప్పి." ఇది విన్న ఏ డ్యూటీ డాక్టరైనా వెంటనే లోపలికి తీసుకుంటారు. పొట్ట మీద హ్యాండిల్ ముద్రో, టైరు గుర్తో, కమిలిన మచ్చో ఉంటే చొక్కా ఎత్తి చూపించండి. ఆ మచ్చ అవతలివాళ్లకి చిన్నదిగా కనిపించినా నాకు చాలా పెద్ద సమాచారం.

లోపలికి తీసుకున్నాక మొదట ఊపిరి, నాడి, బీపీ చూసి, చేతికి లావుపాటి సూదులు రెండు పెట్టి, రక్తం గ్రూపు, క్రాస్ మ్యాచ్‌కి (ఎక్కించే రక్తం సరిపోతుందో చూసే పరీక్ష) పంపుతారు. మంచం దగ్గరే అల్ట్రాసౌండ్‌తో నాలుగు చోట్ల రక్తం చేరిందేమో చూస్తారు, దాన్ని ఫాస్ట్ అంటారు. రెండు మూడు నిమిషాల పని. అందులో రక్తం కనబడితే ఉన్నట్టే. కనబడకపోతే లేదని కాదు, సుమారు 200 మిల్లీలీటర్ల కంటే తక్కువ ఉంటే అది తప్పిపోవచ్చు, పైగా అవయవం చీలిందో లేదో అది సరిగా చూపించదు. అందుకే మీ తమ్ముడి లక్షణాలకి నేనైతే కాంట్రాస్ట్ (చీలికలు స్పష్టంగా కనబడటానికి రక్తనాళంలోకి ఎక్కించే మందు) ఇచ్చి తీసే పొట్ట సీటీ తప్పకుండా తీయిస్తాను. "అల్ట్రాసౌండ్ నార్మల్, ఇంటికెళ్లండి" అంటే, సీటీ ఎందుకు వద్దనుకుంటున్నారో మర్యాదగా అడగండి. అలా అడిగే హక్కు మీకుంది, మంచి డాక్టరు దానికి చిరాకు పడరు. కాంట్రాస్ట్ లేకుండా తీసిన సీటీలో స్ప్లీన్, లివర్ చీలికలు సరిగా తెలియవు. మందు ఎలర్జీ ఉన్నా, కిడ్నీ జబ్బు ఉన్నా ముందే చెప్పండి.

స్ప్లీన్ దెబ్బని 1 నుంచి 5 వరకు గ్రేడ్లు వేస్తారు. రిపోర్టులో గ్రేడ్ 3 అని చూడగానే ఇంట్లో అందరూ ఏడుపు మొదలుపెడతారు, అలా వద్దు. మేం చూసేది గ్రేడ్ కంటే మనిషిని. నాడి, బీపీ నిలకడగా ఉంటే ఇవాళ ఎక్కువమందికి పొట్ట కోయకుండానే నయం చేస్తున్నారు. ఐసీయూలోనో దానికి దగ్గరి వార్డులోనో పడుకోబెట్టి, గంట గంటకీ నాడి చూస్తూ, హిమోగ్లోబిన్ మళ్లీ మళ్లీ తీస్తూ, అదే సర్జన్ వచ్చి పొట్ట నొక్కి చూస్తూ ఉండటమే ఆ వైద్యం. ఇంట్లోవాళ్లకి "ఏమీ చేయట్లేదు, ఊరికే పడుకోబెట్టి బిల్లు వేస్తున్నారు" అనిపిస్తుంది. నిజానికి ఆ కనిపెట్టి ఉండటంలోనే మా పనంతా ఉంది, నాడి పెరగడం మొదలైన పది నిమిషాల్లో థియేటర్‌లో ఉండగలగడం కోసమే ఆ మంచం. సీటీలో ఇంకా రక్తం కారుతున్నట్టు కనిపిస్తే, తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి ఆ కారే నాళాన్ని మూసేసే పద్ధతి కూడా ఉంది, పెద్ద ఆసుపత్రుల్లోనే దొరుకుతుంది.

స్ప్లీన్ తీసేయాల్సి వస్తే మనిషి మామూలుగానే బతుకుతాడు. కానీ కొన్ని రకాల సూక్ష్మక్రిములతో పోరాడే శక్తి తగ్గిపోతుంది. న్యూమోకాకస్, మెనింజోకాకస్, హిమోఫిలస్ టీకాలు వేయించుకోవాలి, అత్యవసరంగా ఆపరేషన్ చేసిన వాళ్లకి సాధారణంగా రెండు వారాల తర్వాత వేస్తారు. డిశ్చార్జి హడావుడిలో చాలామంది ఈ టీకాల సంగతి మర్చిపోతారు, దయచేసి మీరు రాసిపెట్టుకోండి. ఆ తర్వాత జీవితాంతం, జ్వరం వస్తే ఇంట్లో డోలో వేసుకుని ఊరుకోకూడదు, అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లి నాకు స్ప్లీన్ లేదని చెప్పాలి. మలేరియా ఉండే ఏజెన్సీ ప్రాంతాలకి, పాడేరు, అరకు వైపు వెళ్లినా జాగ్రత్త పడాలి, స్ప్లీన్ లేనివాళ్లకి అది ముదురుతుంది.

ఆపరేషన్ లేకుండా ఇంటికొచ్చినా కనీసం ఆరు వారాలు, పెద్ద గ్రేడ్ అయితే మూడు నెలలు, బైక్, జిమ్, క్రికెట్, బరువులు ఎత్తడం అన్నీ బంద్. ఎప్పుడు మొదలుపెట్టాలో చూసిన సర్జన్ చెబుతారు.

ఇప్పటిదాకా స్ప్లీన్ గురించే రాశాను, ఎందుకంటే మీ లక్షణాలు అటు చూపిస్తున్నాయి. సీటీలో స్ప్లీన్ బాగుందని తేలినా సంగతి అక్కడితో అయిపోదు. హ్యాండిల్ నేరుగా బొడ్డు పైన గుద్దుకుంటే పాంక్రియాస్ (క్లోమం), చిన్న పేగు మొదటి భాగం వెన్నెముకకి ఆనుకుని నలిగిపోతాయి. ఈ దెబ్బలు తొలి గంటల్లో సీటీకి కూడా దొరక్కపోవచ్చు, పాంక్రియాస్ కోసం చేసే అమైలేజ్ పరీక్ష కూడా మొదట నార్మల్ చూపించొచ్చు. పేగుకి చిల్లు పడితే 12 నుంచి 24 గంటల్లో జ్వరం, వాంతులు, పొట్ట చెక్కలా గట్టిపడటం మొదలవుతాయి. కాబట్టి సీటీ బాగున్నా ఒక రాత్రి ఉంచమంటే ఉంచండి. మూత్రం రంగు కూడా చూడండి, ఎర్రగా వస్తే కిడ్నీ లేదా మూత్రాశయం దెబ్బ.

ఇది పిల్లల్లో ఇంకా దారుణం. నాన్న ముందు ట్యాంకు మీద పిల్లాణ్ణి కూర్చోబెట్టుకుని ఫొటోలు తీసుకుంటూ నడపడం చాలాసార్లు చూశాను. బండి కుదుపుకి పిల్లాడి పొట్టే హ్యాండిల్‌కి గుద్దుకుంటుంది, వెనక నాన్న బరువు కూడా వాడి మీదే పడుతుంది. పిల్లలకి పక్కటెముకలు మెత్తగా ఉంటాయి, ఎముక విరగకుండానే లోపల లివర్, స్ప్లీన్ చిట్లిపోతాయి, ఎక్స్‌రే మాత్రం శుభ్రంగా కనిపిస్తుంది. అమెరికాలో పిల్లల డాక్టర్ల అకాడమీ 16 ఏళ్లు నిండనివాళ్లు ఏటీవీ ఎక్కకూడదని ఎన్నో ఏళ్లుగా చెబుతోంది. అక్కడ ఉండే మనవాళ్లు లాంగ్ వీకెండ్‌కి వెళ్లినప్పుడు ఎనిమిదేళ్ల పిల్లలకి చిన్న సైజు ఏటీవీ అద్దెకి తీసిచ్చి ముచ్చటపడుతుంటారు, చిన్న సైజు అయినా అది పిల్లాడి బరువుకి ఎన్నో రెట్లు ఉంటుంది.

ఇక పుత్తూరు కట్టు. మన ఇళ్లల్లో దాని మీద ఎంత నమ్మకం ఉందో నాకు తెలుసు, అమ్మగారి మనసు నొప్పించొద్దు. ఆవిడతో ఇలా చెప్పండి: ఇది ఎముక విషయం కాదమ్మా, కడుపులో దెబ్బ, ముందు అది చూపించి వద్దాం. ఎముక విరిగిందేమో అని అనుమానం ఉన్న కాలికి కూడా మొదటి రెండు రోజుల్లో బిగుతు కట్టు నేను ఒప్పుకోను. దెబ్బ తగిలిన కాలు లోపల వాస్తూ ఉంటుంది. మోకాలి కింద కండరాలు సాగని పొరల మధ్య ఉంటాయి, లోపల ఒత్తిడి పెరిగితే కండరానికి రక్తం అందదు, దీన్ని కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటారు. పైన బిగించి కట్టిన కట్టు దాన్ని ఇంకా తొందరగా తెస్తుంది. సుమారు ఆరు గంటలు దాటితే కండరం చచ్చిపోవడం మొదలవుతుంది. ఇలా కట్టు కట్టించుకుని మూడో రోజు వచ్చిన ఒక రైతు కాలు మోకాలి కింద తీసేయాల్సి వచ్చింది, ఆ ఇంట్లో పొలం పని చేసేది ఆయనొక్కడే.

మీ తమ్ముడి పిక్క ఇప్పుడు ఎలా ఉందో చూడండి. గాయం సైజుకి పొంతన లేనంత నొప్పి, పిక్క రాయిలా గట్టిపడటం, కాలి వేళ్లని మీరు మెల్లగా పైకి వంచితే కేకపెట్టేంత నొప్పి, వేళ్ల మధ్య తిమ్మిరి, వీటిలో ఏదున్నా క్యాజువాలిటీలో అది కూడా చెప్పాలి. పాదం దగ్గర నాడి కొట్టుకుంటోంది కదా అని ధైర్యం వద్దు, ఈ జబ్బులో నాడి చివరిదాకా తెలుస్తూనే ఉంటుంది.

గాయం విషయానికొస్తే, పసుపు, కాఫీ పొడి, సున్నం ఏదీ పెట్టొద్దు. ఇప్పటికే పెట్టి ఉంటే గీకకండి, ఆసుపత్రిలో కడుగుతారు. పెట్టకపోతే బయల్దేరే ముందు ఒక్క రెండు నిమిషాలు ధారగా పంపు నీళ్లతో కడిగి, శుభ్రమైన గుడ్డ చుట్టండి, అంతకంటే సమయం పెట్టకండి. ధనుర్వాతం ఇంజెక్షన్ వేయించాలి. మట్టి లోతుగా దిగిన గాయానికి వెంటనే కుట్లు వేయకపోతే కంగారుపడొద్దు, లోపల చీము పట్టకుండా శుభ్రం చేసి కొన్ని రోజులు తెరిచి ఉంచి, తర్వాత కుట్టడమే సరైన పద్ధతి. ఎముక బయటికి కనిపించే గాయమైతే మాత్రం యాంటీబయాటిక్ ఎంత తొందరగా పడితే అంత మంచిది, గంటలోపు అయితే మరీ మంచిది.

ఇది చదివే మిగతావాళ్ల కోసం, బండి తిరగబడ్డ చోట ఏం చేయాలో కూడా రాస్తాను. ముందు ఇంజిన్ ఆపండి, పెట్రోలు కారుతోందేమో చూడండి. మనిషి బండి కింద ఉంటే లాగొద్దు, బండిని నలుగురు కలిసి ఎత్తండి. ఈ బండ్లు రెండు మూడు వందల కిలోలుంటాయి, ఒక్కడు ఎత్తబోయి జారవిడిస్తే రెండోసారి అతని మీదే పడుతుంది. ఛాతీ మీద బండి ఉంటే ప్రతి నిమిషం ముఖ్యం, ఊపిరి ఆడక మొహం ఊదా రంగుకి తిరిగిపోతుంది, వెంటనే ఎత్తాలి. మెడ నొప్పి, కాళ్లు చేతుల్లో తిమ్మిరి ఉందంటే కూర్చోబెట్టొద్దు, తలా మెడా ఒంటితో పాటే కదిలేలా ముగ్గురు నలుగురు కలిసి తిప్పాలి. ఊపిరి బాగానే ఆడుతుంటే హెల్మెట్ లాగకండి, తెలిసినవాళ్లు తీస్తారు. రక్తం చిమ్ముతుంటే గుడ్డ పెట్టి అరచేత్తో గట్టిగా అదిమి పట్టుకోండి, తీసి తీసి చూడకండి. నీళ్లు తాగించడం, నిలబెట్టి నడిపించి చూడటం రెండూ వద్దు. ఎక్కువ రక్తం పోతున్నవాళ్లకి ట్రానెక్సామిక్ యాసిడ్ అనే చవకైన ఇంజెక్షన్ మూడు గంటల లోపు పడితే ప్రాణాలు నిలుస్తాయని 2010లో వచ్చిన క్రాష్-2 అధ్యయనం తేల్చింది, 20 వేల మందికి పైగా రోగులతో చేసిన అధ్యయనం అది. ఇంటికెళ్లి చూద్దాంలే అనుకుంటే మొదట పోయేది ఆ మూడు గంటలే.

ట్రాక్టర్ల దగ్గర ఇంకో చిక్కుంది, పల్లెల్లో ఉండేవాళ్లకి చెప్పాలి. దమ్ము చేసేటప్పుడు చక్రం బురదలో దిగబడిపోయి, బలవంతంగా యాక్సిలరేటర్ ఇస్తే ముందు భాగం లేచి వెనక్కి తిరగబడుతుంది, రెండు సెకన్లు కూడా పట్టదు, దూకే అవకాశం ఉండదు. తొడ గంటకు మించి కింద నలిగి ఉంటే, బండి ఎత్తిన మరుక్షణం నలిగిన కండరంలోంచి పొటాషియం ఒక్కసారిగా రక్తంలోకి వచ్చి గుండె ఆగొచ్చు, తర్వాత మూత్రం కోలా రంగులో వచ్చి కిడ్నీలు దెబ్బతినొచ్చు. అప్పటిదాకా మాట్లాడుతూ ఉన్నవాడు తీయగానే పోయాడని ఊళ్లో చెప్పుకుంటారు, దాని వెనక ఉన్నది ఇదే. అంతసేపు ఇరుక్కుని ఉంటే 108 వచ్చి సెలైన్ ఎక్కించడం మొదలుపెట్టాక ఎత్తడం మేలు. ఊపిరికే అడ్డం పడుతుంటే మాత్రం ఆగకూడదు.

ఏటీవీ ఎందుకిలా తిరగబడుతుందో కూడా తెలుసుకోండి, మీ తమ్ముడి తప్పేనని ఇంట్లో తిట్టిపోస్తూ ఉంటారు. నాలుగు చక్రాలున్నాయి కాబట్టి పడదనిపిస్తుంది. కానీ బరువంతా ఎత్తులో ఉంటుంది, చక్రాల మధ్య వెడల్పు తక్కువ, నడిపేవాడు మలుపులో, గట్టు మీద ఒంటిని ఎటు వంచాలో తెలిసి వంచితేనే అది నిలబడుతుంది. యాక్సిలరేటర్ కుడి బొటనవేలి కింద ఉంటుంది, భయపడి హ్యాండిల్ గట్టిగా పట్టుకున్నప్పుడు తెలియకుండానే దాన్ని ఇంకా నొక్కేస్తారు. మన వాళ్లకి బైక్ అలవాటు, బండి ఒరగ్గానే కాలు కింద పెడతారు, ఆ కాలు నేరుగా వెనక చక్రం కిందకి పోతుంది. నేను చూసిన పిక్క ఎముక, చీలమండ విరుగుళ్లలో చాలా వరకు ఇలా వచ్చినవే. మూడు చక్రాల ఏటీవీలు మరీ తిరగబడుతున్నాయని అమెరికాలో 1988లో అమ్మకాలే ఆపేశారు. ఆస్ట్రేలియాలో 2021 నుంచి పొలాల్లో వాడటానికి కొత్తగా అమ్మే క్వాడ్ బైక్‌లకి (ఏటీవీలనే అక్కడ అలా అంటారు), తిరగబడ్డా మనిషి పూర్తిగా నలగకుండా వెనక ఒక ఇనుప రక్షణ చట్రం ఉండాలని నియమం పెట్టారు. మన రిసార్టుల్లో ఐదు నిమిషాలు చూపించి తాళం చేతికిస్తున్నారు.

చివరిగా మీరు పోలీసు కేసు, ఇన్సూరెన్స్ గురించి అడిగారు. ప్రమాదంలో తగిలిన దెబ్బ కాబట్టి ఆసుపత్రివాళ్లు మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసులకి తెలియజేసే కేసుగా రాస్తారు, భయపడి "మెట్ల మీద పడ్డాడు" అని మాత్రం చెప్పకండి. బండి దొర్లిందని తెలియకపోతే మేం వెతకాల్సిన చోట వెతకం. పైగా కాగితాల్లో ఒకటి, నిజం ఒకటి ఉంటే క్లెయిమ్ దగ్గర ఇబ్బంది. పోలీసులు వచ్చేదాకా వైద్యం ఆపకూడదని 1989లోనే సుప్రీంకోర్టు పరమానంద్ కటారా కేసులో చెప్పింది. మందు తాగి ఉంటే అది కూడా డాక్టరుకి చెప్పండి, మత్తు ఇచ్చేటప్పుడు అవసరం. ఆరోగ్య బీమాలో సాహస క్రీడలకి వర్తించదని ఉంటుందని ఎవరో చెప్పారన్నారు. ఆ ప్రామాణిక మినహాయింపు వృత్తిగా ఆ క్రీడల్లో పాల్గొనేవాళ్లకి సంబంధించింది, సెలవు రోజు సరదాగా ఎక్కినవాళ్లకి కాదు. పాలసీ కాగితంలో ఆ వాక్యం ఒకసారి చదివి, అడ్మిషన్ అయిన వెంటనే ఆసుపత్రిలో బీమా క్లెయిములు చూసే టీపీఏ డెస్క్‌కి చెప్పండి. రిసార్టులో సంతకం పెట్టించుకున్న కాగితం చూసి ఇక ఏమీ చేయలేమనుకోవద్దు, వాళ్ల నిర్లక్ష్యం ఉంటే వినియోగదారుల కమిషన్‌కి రెండేళ్ల లోపు వెళ్లొచ్చు, దానికి ఒక లాయర్ని కలవండి. బండి ఫొటోలు, రసీదు దాచుకోండి.

సీటీ రిపోర్టు వచ్చాక పేరు, నంబరు కనబడకుండా ఆ పేజీ ఫొటో ఇక్కడ పెట్టండి. దాంతో పాటు అప్పటి నాడి, బీపీ, రెండుసార్లు తీసిన హిమోగ్లోబిన్ అంకెలు కూడా రాయండి, చూసి చెబుతాను.